తుంగా, గరికా, నేనూ

పెళ్ళయిన ఈ నలభయ్యేళ్ళ పైచిలుకులో మా వారి మాటకి నేను గట్టిగా ఎదురుచెప్పిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆయన్నడిగితే కాలివేళ్ళు కలుపుకున్నా చాలవంటారనుకోండి. ఎవరి లెక్క వారిది. కానీ 2024 ఫిబ్రవరిలో, నరసాపురంలో మా ఇంటి గేటు దగ్గర నిలబడి నేనన్న "వీల్లేదు" అన్న మాట మాత్రం ఇద్దరి లెక్కలోనూ ఉంది.

సంగతేమిటంటే, ఉద్యోగాలూ, పిల్లల చదువులూ, పెళ్ళిళ్ళూ అన్నీ ఒక కొలిక్కి వచ్చాక హైదరాబాదు ఫ్లాటు అద్దెకిచ్చేసి అత్తగారింటికి వచ్చేశాం. ఆవిడ పోయిన దగ్గర్నించి ఆరేళ్ళుగా ఆ ఇంటికి తాళమే. రైలు దిగి, ఆటోలో సామానుతో వచ్చి, తాళం తీసి గేటు తోస్తే కదల్లేదు. లోపల్నించి ఏదో తీగ చువ్వలకి అల్లుకుని గట్టిగా పట్టుకుంది. "ఎవరు మీరు? ఎవరి తాలూకు?" అని అడుగుతున్నట్టు! మనుషులు ఖాళీ చేసిన ఇంట్లో మొట్టమొదట కాపురం పెట్టేది గడ్డేనని ఆ రోజు తెలిసింది.

ఎలాగో లోపలికి వెళ్ళాం. ముందు వాకిలి ముప్ఫై అడుగుల పొడుగు, ఇరవై అడుగుల వెడల్పు. ఒకప్పుడు అక్కడ పచ్చటి తివాచీ పరిచినట్టు లాను ఉండేది. ఇప్పుడు మోకాలెత్తు తుంగ. దాని మధ్యలో నడుం ఎత్తున వయ్యారిభామ, తెల్ల పూలు పెట్టుకుని. గోడవార ఉత్తరేణి, కుప్పింటాకు, ఒక మూల ఉమ్మెత్త. మెట్ల దగ్గర పల్లేరు కాయలు నా చెప్పు అడుక్కి గుచ్చుకుని స్వాగతం చెప్పాయి.

మా వారు వాకిలంతా ఒకసారి కలయజూసి, "మేస్త్రీని పిలిచి మొత్తం సిమెంటు చేయించేద్దాం. పాముల భయం ఉండదు, దోమలుండవు, కారు పెట్టుకోవచ్చు," అన్నారు. అప్పటికే మనసులో ఎన్ని బస్తాలు పడతాయో లెక్క వేసేసుకున్నారు కూడా.

"వీల్లేదు," అన్నాను.

"ఎందుకు?" అన్నారు.

ఎందుకో నాకూ తెలియలేదు. కారణం చెప్పకుండా కాదనడం ఆడవాళ్ళ హక్కు కనుక, దాన్ని వాడుకుని సామాను దింపించడానికి వెళ్ళిపోయాను.

ఆ లాను కథ కొంచెం చెప్పాలి. మా మామగారు నీటిపారుదల శాఖలో చిన్న ఉద్యోగం చేసేవారు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక ఈ డెల్టా అంతా కాలవలతో పచ్చబడింది కదా, ఆ కాలవల గట్లమ్మట సైకిలు తొక్కుతూ ఆయన జీవితం గడిచింది. ఎక్కడో ఒక బంగళాలో దొరల నాటి లాను చూసి మనసు పడ్డారట. పాదుకి పాదు కూరగాయలు పండే నేలలో గడ్డి వేస్తానంటే మా అత్తగారు ఎంత దెప్పాలో అంతా దెప్పారు. "వరిచేలో గడ్డి పీకేవాళ్ళని చూశాను గానీ, ఇంట్లో గడ్డి నాటి నీళ్ళు పోసే మనిషిని ఈయన్నే చూశాను," అని నేను కొత్తకోడలుగా వచ్చిన రోజునే నాకు చెప్పారు. అయినా సాయంత్రం కాగానే ఆ గడ్డి ఎదురుగా అరుగుమీద కూర్చుని లేసు అల్లుకునేది ఆవిడే. మా ఊరి లేసు సంగతి మీకు తెలిసే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీలు నేర్పిన అల్లిక. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆవిడ చేతిలో కొక్కెం ఆడుతూ ఉంటే మామగారు కొడవలి పట్టుకుని గొంతుక్కూర్చుని గడ్డి సమంగా కోస్తూ ఉండేవారు. ఇద్దరూ మాట్లాడుకోగా నేను వినలేదు. పోట్లాడుకోగా కూడా వినలేదు.

మామగారు 2001లో పోయారు. ఆ తరవాత పదిహేడేళ్ళు ఆవిడ ఒక్కర్తే ఉన్నారు. రమ్మంటే హైదరాబాదు వచ్చేవారు కాదు, వచ్చినా పది రోజులుంటే ఎక్కువ. "వాకిలి ఏమవుతుందో" అనేవారు. ఆదివారం ఆదివారం ఫోను చేసేదాన్ని. మందులు, కరెంటు బిల్లు, పక్కింటి కబుర్లు అన్నీ అయ్యాక చివర్న ఎప్పుడూ ఒకటే మాట. "తుంగ పెరిగిపోయిందే వాకిట్లో. ఒకసారి వచ్చి వెళ్ళరాదూ?"

నేను ఎప్పుడూ ఒకటే జవాబు. "కూలి మనిషిని పెట్టించుకోండి అత్తయ్యగారూ, డబ్బు పంపిస్తాం."

పంపించేవాళ్ళం కూడా. ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు.

ఆవిడ అడిగింది గడ్డి పీకించమని కాదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు. తెలిసీ తెలియనట్టు ఉన్నానేమో, అదీ గట్టిగా చెప్పలేను. మా వారితో "వీల్లేదు" అన్నప్పుడు కారణం ఎందుకు చెప్పలేకపోయానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

సరే, పంతం పట్టాను కనుక మర్నాడే రంగంలోకి దిగాను. కొంగు బిగించి, వయ్యారిభామతో మొదలుపెట్టాను. పేరు చూసి మోసపోకండి. 1950ల్లో అమెరికా నుంచి తెప్పించుకున్న గోధుమలతో పాటు ఈ దేశంలో అడుగుపెట్టిందంటారు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. చేతికి తొడుగు లేకుండా పూతమీదున్న మొక్కల్ని పీకడం నా తెలివితక్కువ. సాయంత్రానికి మోచేతుల దాకా దద్దుర్లు, రాత్రంతా తుమ్ములు. మా వారు కొబ్బరినూనె సీసా అందిస్తూ, "సిమెంటుకి దద్దుర్లు రావు," అన్నారు.

తరవాత తుంగ. పది రోజులు పీకాను. వాకిలి గుండు చేసినట్టు నున్నగా తయారైంది. పక్కింటి పిన్నిగారిని పిలిచి చూపించి కాఫీ కూడా ఇచ్చాను. సరిగ్గా వారం తిరిగేసరికి పీకిన ప్రతి మొక్క స్థానంలోనూ రెండు లేచాయి. పైగా ఇంకా పచ్చగా, నిగనిగలాడుతూ!

అప్పుడు దిగింది మా వీధి చివర నుంచి ఒక ముసలావిడ. చేలల్లో కలుపు తీసి తీసి నడుం వంగిపోయిన మనిషి. అత్తగారి రోజుల్లో మా ఇంటికి పనికి వచ్చేదట. నేను తుంగతో కుస్తీ పడుతూ ఉంటే గేటు పట్టుకుని కాసేపు చూసి, "పైన జుట్టు పీకితే ఏటవుద్దండీ అమ్మగోరూ? బుర్ర కింద ఉంది కదండీ," అంది.

గునపం పుచ్చుకుని ఒక మొక్క పక్కనే జానెడు లోతు తవ్వి చూపించింది. మొక్క అడుగున నల్లగా వేరుశనగ గింజంత గడ్డ. దాన్నించి సన్నటి తాడులాంటి వేరు, దాని చివర ఇంకో గడ్డ, అక్కణ్ణించి మరోటి. నేలకింద పెద్ద ఉమ్మడి కుటుంబం! పైన ఒక ఆకు తెంపితే ఆ కబురు కింద అందరికీ అంది, నిద్రపోతున్న గడ్డ కూడా లేచి మొలకెత్తుతుంది. మామూలు పారతో తవ్వితే తాళ్ళు తెగి, విడిపోయిన గడ్డలన్నీ వేరు కాపురాలు పెట్టేస్తాయి. ఆవిడ మరో కిటుకు కూడా చెప్పింది. కాడని రెండు వేళ్ళ మధ్య తిప్పి చూస్తే మూడు పలకలుగా తగిలితే తుంగ. గుండ్రంగా తిరిగితే గరిక. "సూత్తే పచ్చగానే ఉంటాయండీ రెండూ. సెయ్యి పెడితేనే తెలుత్తాది. ఆయ్!"

ఆవిడ చెప్పిన వైద్యం ఎండ. తుంగ గడ్డకి నీళ్ళంటే భయం లేదు, కత్తంటే భయం లేదు. రోజుల తరబడి ఎండలో ఎండితే మాత్రం చస్తుంది. నీడలో కూడా బలం చాలదు. అందుకని ఏప్రిల్లో ఒకసారి జానెడు లోతు తిరగేసి దొరికినన్ని గడ్డలు ఏరాం. బియ్యం కడిగిన నీళ్ళూ, గిన్నెలు తొలిచిన నీళ్ళూ చిలకరిస్తే మిగిలినవి మొలకలెత్తి "ఇక్కడున్నాం" అని చెప్పాయి. మళ్ళీ తవ్వాం. అలా మూడు సార్లు. ఆఖరి దఫా రోహిణీ కార్తెలో మట్టి గడ్డలుగా తిరగేసి వదిలేశాం. రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయంటారు కదా, తుంగ ఎంత? కాలవలు కట్టేసే రోజులు, పైనుంచి ఒక్క చుక్క తడి లేదు. వాకిలి అప్పడాల బండలా మాడింది. ఏరిన గడ్డలు రెండు తట్టలయ్యాయి. వాటిని కడిగి, ఎండబెట్టి, దంచి సున్నిపిండిలో కలిపాను. పచారీ కొట్లో తుంగముస్తెలని డబ్బిచ్చి కొనుక్కునేవి ఇవేనండీ! శత్రువు శవానికి ఇంత సువాసన ఉంటుందని నేననుకోలేదు.

ఆ తవ్వకాల మధ్యలో ఒకరోజు మజ్జిగ తాగుతూ ముసలావిడ అంది. "పెద్దమ్మగోరు ప్రతీ రోయిణిలోనూ ఇలాగే తవ్వించేవోరండీ. ఆఖర్న రెండేళ్ళూ మామిడి సెట్టు కింద కుర్సీ ఏయించుకుని కూకునేవోరు. ఓపిక లేదు. 'ఈ మూల బాగా తియ్యే, మా కోడలొత్తాది' అనేవోరండి."

నేను మజ్జిగ గ్లాసు కడగడానికి లోపలికి వెళ్ళాను. చాలాసేపు కడిగాను.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వాడితో ఫోనులో ఈ తుంగ పురాణం చెబుతూ, ఇప్పుడు ఏ గడ్డి వెయ్యాలా అని ఆలోచిస్తున్నానన్నాను. నేను వాళ్ళింట్లో ఆర్నెల్లున్నప్పుడు అక్కడి లాను భాగవతం కళ్ళారా చూశాను. గడ్డి కాస్త ఎత్తు పెరిగితే కాలనీ సంఘం వాళ్ళు ఉత్తరం రాస్తారు. కొయ్యడానికి మనిషి, మందుకి మనిషి, నీళ్ళకి గడియారం కట్టిన గొట్టాలు. నెలనెలా డాలర్లు. అంతా అయ్యాక చలికాలం వచ్చేసరికి ఆ గడ్డి గోధుమరంగుకి తిరిగి పడుకుంటుంది. "మాది బెర్ముడా గ్రాస్ అమ్మా, ఎండకి తట్టుకుంటుంది. అది దొరుకుతుందేమో చూడు," అన్నాడు. ఫోటో పంపించాడు. కళ్ళజోడు పెట్టుకుని చూద్దును కదా, గరిక! మన వినాయకుడి గరికే! పేరు బెర్ముడా అయినా దాని పుట్టిల్లు ఆ దీవి కాదు, సముద్రాలు దాటి అక్కడికి వెళ్ళి స్థిరపడిందేనట. ఇక్కడ చేలగట్టు మీద అందరూ తొక్కుకుంటూ తిరిగే పిల్ల, అక్కడికి వెళ్ళి పేరు మార్చుకుని ఎంత దర్జాగా బతుకుతోందో చూడండి.

ఇంక గడ్డి కోసం నర్సరీల చుట్టూ తిరిగే పనేముంది? మా నేలకి అంతకన్నా తగిన గడ్డి లేదు కూడా. సముద్రం ఇంత దగ్గర. బోరు వేస్తే ఉప్పుదనం. గరిక ఆ ఉప్పుకి కొంత ఓర్చుకుంటుంది, ఎండకి ఓర్చుకుంటుంది, తొక్కినా ఓర్చుకుంటుంది. నీడకి మాత్రం ఓర్చుకోదు. ఇన్నిటికీ ఓర్చుకున్నదానికి ఒక్క పట్టింపైనా ఉండొద్దూ?

జూన్లో తొలకరి పడ్డాక కాలవ గట్టు మీంచి వేళ్ళతో సహా గరిక పెరికి తెచ్చింది ముసలావిడ. నేల చదును చేసి, వాన నీళ్ళు ఇంటివైపు రాకుండా గేటు వైపు కాస్త వాలు పెట్టాం. గరికని రెండంగుళాల ముక్కలుగా తరిగాం. రెండు తట్టల జల్లించిన మట్టికి తట్టెడు పచ్చిపేడ చొప్పున కలిపి, తరిగిన గరిక అందులో వేసి, నీళ్ళు పోసి దోసెపిండికన్నా కొంచెం గట్టిగా కలిపాం. తడిపిన నేలమీద అంగుళం మందాన అలికేశాం. తోటపని పుస్తకాల్లో కూడా ఈ పద్ధతి ఉంది గానీ, చిన్నప్పుడు పండగలకి ఇల్లలికిన నాకు పుస్తకం ఎందుకు? దొరల లానంటే ఏమో అనుకున్నాను. చివరికి చూస్తే పేడతో వాకిలి అలకడమే!

మా వారు అరుగుమీంచి చూస్తూ, "రిటైరయ్యాక భార్యని ఈ స్థితిలో చూస్తాననుకోలేదు," అన్నారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి, ఏదో వ్రతమనుకుని వెళ్ళిపోయారు. వాసనకి వచ్చిన ఈగల సంగతి నేను రాయను.

పదిహేను రోజులు ఏమీ లేదు. ఎండిన పేడ అట్టలు కట్టింది. జూలైలో ముసురు పట్టింది. అలికిందంతా కొట్టుకుపోతుందని నేను కిటికీ దగ్గర్నించి కదల్లేదు. కొంతమేర పోయింది కూడా. వాన వెలిసిన మూడో రోజు పొద్దున్నే చూస్తే ఆ నల్లటి నేలమీద సూదిమొనల్లా పచ్చటి చుక్కలు. నెల తిరిగేసరికి ఒక్కో చుక్క నుంచి తీగ సాగి, కణుపు కణుపుకీ వేరు దిగి, అక్కణ్ణించి మరో తీగ. దగ్గరికెళ్ళి చూస్తే అచ్చం మా అత్తగారి లేసు. గొలుసు, ముడి, గొలుసు, ముడి.

తుంగ రాలేదా అంటే, రాకేం? వచ్చింది. అయితే ఈసారి పొద్దున్నే పది నిమిషాలు చాలు. నేల తడిగా ఉన్నప్పుడు గడ్డతో సహా లాగేస్తాను. గరికని రెండంగుళాలకి తగ్గకుండా, ఒక్కసారే మూడోవంతు కన్నా ఎక్కువ కొయ్యకుండా వారం వారం కోస్తే అది పైకి పెరగడం మాని పక్కలకి పాకుతుంది. చాప ఒత్తయిన కొద్దీ తుంగకి నీడ పడి నీరసిస్తుంది. కోసిన గడ్డి ముసలావిడ గేదెకి వెళుతుంది. అప్పుడప్పుడు సీసాడు పాలు మా ఇంటికి వస్తాయి. సిమెంటు పాలివ్వదని మా వారికి చెప్పాను.

ఇంకో సంగతి కూడా చెప్పాను. ఇలాంటి సముద్రతీరపు నేలల్లో వాన నీరు ఇంకితే, ఆ మంచినీరు తేలికగనక పైన నిలుస్తుంది, ఉప్పునీరు కింద ఉంటుంది. వాకిళ్ళన్నీ సిమెంటు చేసేస్తే ఇంకేదెక్కడ? నీరంతా వీధిలోకి, నూతిలోకి ఉప్పు. ఆయన నీటిపారుదల శాఖ ఉద్యోగి కొడుకు కదా, దీనికి మాత్రం జవాబు చెప్పలేదు.

ఆ సెప్టెంబరులో వినాయక చవితి ముందు రోజు వీధిలో పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. "మామ్మగారూ, గరిక కావాలి." అనలాసురుణ్ణి మింగిన వినాయకుడి ఒంట్లో మంట చల్లారింది ఈ గరికతోనే కదా. కోసుకోమన్నాను. ఒక బుడతడు తెచ్చిన కట్ట చూస్తే సగం తుంగే! వాణ్ణి కూర్చోబెట్టి, కాడ వేళ్ళ మధ్య తిప్పి చూసుకోమని నేర్పాను. "మూడు పలకలుంటే తుంగ, గుండ్రంగా ఉంటే గరిక. చెయ్యి పెడితేనే తెలుస్తుంది." నోట్లోంచి ఆ మాట వచ్చాక గానీ అది ఎవరి మాటో గుర్తురాలేదు.

మామిడిచెట్టు కింద ఇంతమేర గరిక ఎంత బతిమాలినా రాలేదు. నీడ కదా. మొదట బెంగపడ్డాను. తరవాత అటకమీంచి అత్తగారి పేము కుర్చీ దింపించి, అల్లిక బాగుచేయించి అక్కడ వేశాను. కొన్నాళ్ళు నేనందులో కూర్చోలేదు. ఇప్పుడు సాయంత్రాలు కూర్చుంటున్నాను. మా వారు మోకాళ్ళ నెప్పి అంటూనే, నేను చూడట్లేదనుకుని వంగి తుంగ లాగుతూ ఉంటారు. సిమెంటు మాట మళ్ళీ ఎత్తలేదు.

మొన్న ఆదివారం అబ్బాయితో మాట్లాడాను. ఒంట్లో ఎలా ఉంది, మనవరాలి స్కూలు, వాళ్ళ ఊళ్ళో ఎండలు అన్నీ అయ్యాయి. పెట్టేసే ముందు ఊరికే అన్నాను. "వానలకి మళ్ళీ తుంగ లేచిందిరా. ఒకసారి వచ్చి వెళ్ళరాదూ?"

"నువ్వెందుకమ్మా వంగడం? మనిషిని పెట్టించుకో, డబ్బు పంపిస్తాను," అన్నాడు వాడు. వెంటనే, ఎంతో ప్రేమగా.

నాకు నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక కూడా ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నావని వాకిట్లోంచి మా వారు అడిగారు.

"ఏమీ లేదు, ఇంకో గడ్డ దొరికింది," అన్నాను.

"లోతుగా ఉందా?" అన్నారాయన, గునపం అందుకుంటూ.